కాంట

పర్వతగిరి దవాఖానల
బరువు చూసే మిషను మీద నిలబడ్డ.
ముల్లు వణికి వణికి యాభై రెండు కాడ ఆగింది.
డాక్టరమ్మ నవనీత రాసుకోకుండ నవ్వింది.
"తాతా, నన్ను సుత ఒకపారి ఇట్లనే జోకిన్రు,
విమానం ఎక్కెటందుకు."

నా చెవులు నిక్కినయి.
జోకుడు నా పని గద!

మామునూర్ల చిన్న విమానం దిగే రోజులల్ల
గ్రేన్ మార్కెట్ల పత్తి బోరాలు జోకే ఐలయ్యను
నెలకింతని మాట్లాడి తోల్కపోయిన్రు.
అదే కాంట, అవే బాట్లు.
మొదలు పెట్టె, ఆన్క మనిషి.
మిల్లు మేనేజరు, హన్మకొండ వకీలు,
దేవుని పటం ఒళ్లె పట్టుకొని దించనన్న ఒక పెద్దమ్మ.
బెల్లం సేటు చెప్పులిడిసి ఎక్కిండు, తక్కువొస్తదని.
అయినా ఎనభై తొమ్మిది.
పైలట్ నా దిక్కు చూసిండు.
బోరమైతే తరుగు తీసేటోన్ని.
మనిషికి తరుగు లేదు సారూ, అన్న.

నవనీత డాక్టరు చదివింది రష్యాల,
చలికి ఉమ్మి సుత గడ్డకట్టే దిక్కు.
అక్కడ లేనా నది పొంట
దోస్తు వాళ్ల ఊరికి పోయిందట. తొవ్వ లేదు.
నది గడ్డకడితే అదే రోడ్డు,
గడ్డ పలిగే నెలల నదీ కాదు, రోడ్డూ కాదు.
అప్పుడు రెక్క మీద రెక్క ఉన్న ముసలి విమానం,
ఇంజను లేస్తే మన పాత ట్రాక్టరు దగ్గు.
నీలిరంగు కట్టె ఇల్లు, గదే ఎయిర్‌పోర్టు.
లోపల పొయ్యి, పొయ్యి మీద చాయ్.
టికెట్ ఇచ్చే ఆమెనే జోకుతది,
ఆమెనే ఉరికి రన్‌వే మీది ఆవును ఎల్లగొడ్తది.
"నా ఆవకాయ జాడీ సుత జోకింది తాతా,
ఇదేంది అంటే, మందు అని చెప్పిన."

పేరేంది ఆమెది?
గలీనా.
ఆ పేరు దవడకు పెట్టుకున్న, పటికబెల్లం లెక్క.

ఒకప్పుడు ఆ దేశమంతటికి ఒక్కటే కంపిని.
బస్సు కిరాయంత పైసలకు
ముసలవ్వ ఆలుగడ్డ సంచితోటి ఎక్కి
పన్ను పీకించుకొని మాపటికి మర్లొచ్చేదట.
ఆన్క దేశం పలిగింది.
కంపిని పెంకులు పెంకులైంది,
పెంకపెంకకు ఒక పేరు, ఒక రంగు.
కొన్ని ఏడాది సుత నిలబడలే.
పెట్రోలు పైసల్లేక
ఊర్లకు ఊర్లు ఆకాశంల నుంచి రాలిపోయినయి.
గాలి సంచి చినిగింది, గడ్డి లేసింది.
విమానం నెలకొకపారి వచ్చినా, రాకున్నా
గలీనా పొద్దుగాల్నే తాళం తీసి
కాంట మీద దుమ్ము తుడుస్తదట.

నేను తుడవలే.
ఆఖరు విమానం పోయినంక మూడు నెలలు చూసిన.
ఓ బేస్తారం నాడు కాంటను బండిల ఏసుకొచ్చి
ఎండుమిర్చి జోకిన.
దాని పళ్లెంల ఇప్పటికీ మిర్చి ఘాటు.
రన్‌వే మీద మా మేకలు మేసినయి,
పోరగాండ్లు సైకిల్ నేర్చుకున్నరు,
నడిమిట్ల పగులుల తుమ్మ మొలిసింది.

ఇప్పుడు మళ్ల కొలుస్తున్నరు.
మా పొలాల్ల ఎర్రరంగు రాళ్లు.
ఎకరం మీద పది గుంటలు నాది, గీత లోపలనే ఉన్నది.
మూడు కాళ్ల మిషను ఎనక ఒంటికన్ను పిలగాడు
చెయ్యి ఊపుతడు, జరగమని.
పెద్ద విమానాలొస్తయట.
మనుషుల్ని జోకరట ఇగ,
కంప్యూటరే అందరికీ ఒక్క లెక్క కడ్తదట.
సేటుకు, నాకు ఒక్కటే బరువా?
మరి నేలకు తరుగెంత తీస్తరు?
గది అడిగితే పిలగాడు మిషన్ల కన్ను తీయలే.

"తాతా, ఊపిరి బిగబట్టకు,
ముల్లు నిలుస్తలేదు."
బిగబట్టలే బిడ్డా.
కాంట ఎక్కినోళ్లు అందరూ
గిట్లనే నిలబడేటోళ్లు.